ఏటూరునాగారం, పాఖాల అడవుల ప్రణాళికలో కప్పలకు చోటివ్వండి: అటవీశాఖకు, జీవవైవిధ్య మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీశాఖ ఉన్నతాధికారులకు, తెలంగాణ జీవవైవిధ్య మండలి సభ్యులకు, ములుగు, వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అటవీ అధికారులకు,

నమస్కారం. నేను హనుమకొండలో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ని. వానాకాలం వచ్చిందంటే విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కుంటల చుట్టూ, వాగుల వెంట రాత్రిపూట తిరుగుతుంటాను. ఈ లేఖలో మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఏటూరునాగారం, పాఖాల అభయారణ్యాలకు తర్వాతి ప్రణాళిక రాసేటప్పుడు, ఏ చోట్లను ముందుగా కాపాడాలో తేల్చడానికి కప్పల్లోంచి ఒక సూచిక గుంపును ఎంచుకోండి. ఏ కప్ప గుడ్లు ఎక్కడ పెడుతుంది, మిగతా ఏడాది ఎక్కడ తలదాచుకుంటుంది అన్నదాన్ని బట్టి ఆ గుంపును కూర్చండి. అడవి హద్దురాళ్ల దగ్గరే ఆగకుండా, హద్దు బయట చెలకల మధ్య మిగిలిన కుంటల్ని కూడా అందులో కలపండి.

మన దగ్గర వన్యప్రాణి అంటే ముందు పులే గుర్తుకొస్తుంది. అందులో తప్పేమీ లేదు. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది కాబట్టే, నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్క జరుగుతుంది కాబట్టే, బీటు బీటుకూ (ఒక్కో గార్డు చూసుకునే అడవి భాగానికి) నడిచే పద్ధతి, కెమెరాలు, నడిచిన దారిని నమోదు చేసే యాప్ మీ సిబ్బంది చేతికొచ్చాయి. పులి కోసం పెద్ద అడవిని కాపాడితే దాని కింద ఉన్నవన్నీ బతికిపోతాయన్న నమ్మకం మీద ఇదంతా నడుస్తోంది. దుప్పికీ, కణుజుకూ, అడవిదున్నకూ ఆ నమ్మకం చాలావరకు సరిపోతుంది. కప్పకు సరిపోదు. పులికి పదుల, వందల చదరపు కిలోమీటర్లు కావాలి. కప్పకు పది గుంటల జాగాలో ఉన్న చిన్న కుంట చాలు. కాకపోతే తొలకరికి ఆ కుంట నిండాలి, పిల్లలకు కాళ్లొచ్చే దాకా ఎండకూడదు, పక్కనే దాక్కోవడానికి మెత్తటి నేలో, చెట్టు తొర్రో, రాళ్ల సందో ఉండాలి. ఒక్కొక్కటి 800 చదరపు కిలోమీటర్లు దాటిన ఈ రెండు అభయారణ్యాల్లో అలాంటి కుంట ఒకటి పూడిపోతే పులుల నివేదికలో ఒక్క అంకె కూడా మారదు.

కప్పల సంగతి ఇప్పుడు ఎందుకంటే, వెన్నెముక ఉన్న జంతువుల్లో ఉభయచరాలంత ముప్పులో మరే తరగతీ లేదు. 2023 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచ ఉభయచరాల రెండో మదింపు 8,011 జాతుల్ని పరిశీలించి, వాటిలో 40.7 శాతం ముప్పులో ఉన్నాయని తేల్చింది. 2004 తర్వాత పరిస్థితి దిగజారిన జాతుల్లో 39 శాతానికి వాతావరణ మార్పే ముఖ్య కారణమని చెప్పింది. కప్ప ఊపిరితిత్తులతోపాటు చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, నీళ్లు కూడా చర్మంతోనే తాగుతుంది. నీటిలో ఏ మందు కలిసినా, గాలిలో తేమ తగ్గినా ముందు దానికే తగులుతుంది. పత్తి, మిరప మీద కొట్టిన మందు వానకు కారి ఎటు చేరుతుందో వరంగల్ రైతుకు నేను చెప్పక్కర్లేదు.

వాన తీరు మారడమంటే ఏమిటో ములుగు జిల్లా కళ్లారా చూసింది. 2023 జులైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంత వాన ఒక్కసారి పడితే కుంటలు తెగుతాయి, గుడ్లూ తోకకప్పలూ వాగులో కొట్టుకుపోతాయి. ఆ మరుసటి ఏడు, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూకటివేళ్లతో సహా పడిపోయాయి. పడిన చెట్లను లెక్కపెట్టారు, అది అవసరమే. నీడ పోయి ఎండ సూటిగా నేలకు తగిలినప్పుడు ఆకుల కింది తడి ఎన్నాళ్లు నిలిచింది, ఆ తడిని నమ్ముకున్న కప్పలేమయ్యాయి అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, గాలివానకు ముందు అక్కడ ఏ కప్పలుండేవో బీటువారీగా రాసి ఉండాలి. రేపు మరో చోట ఇలాంటిదే జరిగినా మన పరిస్థితి ఇంతే.

సూచిక గుంపు అంటే ఏమిటో కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది 'కప్పలుంటే నీళ్లు బాగున్నట్టు' అన్న మాటతో కలిపేస్తారు. అది వేరు, ఇది వేరు. ఒక అడవిలో ఉన్న జాతులన్నిటి జాడా ప్రతి చదరపు కిలోమీటరులో వెతకడానికి మన దగ్గర మనుషులూ లేరు, డబ్బూ లేదు. కాబట్టి అందులోంచి కొన్ని జాతుల్ని గుంపుగా తీసుకుంటారు. పటాన్ని గళ్లుగా విడగొట్టి, ఈ గుంపులోని ప్రతి జాతికీ చోటు దొరికేలా అతి తక్కువ గళ్లు ఏవో లెక్కగడతారు. ఆ గళ్లను కాపాడితే గుంపులో లేని మిగతా జాతుల్లో ఎన్నిటికి చోటు దొరికిందో చూస్తారు. ఇక్కడే అసలు పరీక్ష ఉంది: అదే సంఖ్యలో వేరే జాతుల్ని చీటీలు తీసినట్టు ఎంచుకుని ఇదే లెక్క చేసినా అంతే ఫలితం వస్తే ఆ గుంపును పక్కన పెట్టాల్సిందే. చీటీల కంటే బాగా పట్టిస్తేనే దాన్ని సూచిక అనాలి.

గళ్లను ఎంచుకోవడంలోనూ ఒక కిటుకు ఉంది. రెండు కుంటల్లో అవే ఆరు జాతులున్నాయనుకోండి. మూడో దాంట్లో రెండే ఉన్నాయి, కానీ ఆ రెండూ మొదటి రెంటిలో లేనివి. చేతిలో డబ్బు రెండు కుంటలకే ఉంటే, జాతుల సంఖ్య చూసేవాడు మొదటి రెంటినీ తీసుకుంటాడు, మూడోది పోతుంది. ఒకదానికొకటి ఏ కొత్త జాతిని కలుపుతున్నాయో చూసేవాడు మొదటి రెంటిలో ఒకదాన్ని, దాంతోపాటు మూడోదాన్ని కాపాడతాడు. మన ప్రణాళికల్లో ఈ రెండో చూపు రావాలని నా కోరిక.

ఈ పద్ధతిని కప్పల మీద గట్టిగా పరీక్షించిన చోట్లలో బ్రెజిల్‌లోని అట్లాంటిక్ అడవి ముఖ్యమైంది. ఒకప్పటి విస్తీర్ణంలో చిన్న భాగమే ముక్కలు ముక్కలుగా మిగిలిన ఆ అడవిలో ఐదు వందలకు పైగా ఉభయచర జాతులున్నాయి. కప్పలు సంతానాన్ని పెంచే తీరులు లోకంలో అప్పటికి తెలిసినవి 39 ఉంటే, వాటిలో 27 ఆ ఒక్క అడవిలోనే కనిపిస్తాయని 2005లో అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. కొన్ని నీళ్లలో గుడ్లు పెడతాయి, కొన్ని ఆకుల మీద, కొన్ని నురుగులో, కొన్ని తడి నేల మీద. నేల మీద పెట్టే కొన్నిటికి తోకకప్ప దశే ఉండదు, గుడ్డులోంచి నేరుగా చిన్న కప్పే బయటికొస్తుంది. 2008లో అమెరికా ఉష్ణమండలాల్లో ముప్పులో ఉన్న కప్పల మీద జరిగిన అధ్యయనంలో, పిల్లలు నీళ్లలో పెరుగుతాయా నేల మీద పెరుగుతాయా అన్నది లెక్కలోకి తీసుకుంటే ముందుగా కాపాడాల్సిన ప్రాంతాలు మారిపోయాయి.

మనకు ఇంకా దగ్గరగా ఉన్నది 2007లో సైన్స్ పత్రికలో అదే అట్లాంటిక్ అడవి మీద వచ్చిన పరిశోధన. అక్కడ మిగిలిన అడవి గుట్టల మీద ఉంది, వాగులు కింద పొలాల్లో ఉన్నాయి. ఎదిగిన కప్ప బతికేది అడవిలో, గుడ్లు పెట్టాల్సింది నీళ్లలో. రెండిటి మధ్యా నీడ లేని, మందు కొట్టిన నేల. ఏటా రెండుసార్లు, పోయేటప్పుడు ఒకసారి, కాళ్లొచ్చిన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి, ఆ నేలను దాటాలి. అడవీ నీరూ ఇలా విడిపోయిన చోట్ల, నీళ్లలో తోకకప్పలు పెరిగే జాతులు తగ్గిపోయాయని వాళ్లు చూపారు. ఇది చదివాక నాకు కళ్లముందు కదిలింది నర్సంపేట నుంచి పాఖాల దాకా ఉన్న దారి. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, పాఖాల చెరువుకు కట్ట వేసినవాళ్లు గుట్టల మధ్య అడవి నీటినే ఆపారు. అక్కడ అడవీ నీరూ ఇంకా కలిసే ఉన్నాయి. ఆ పక్కనే, అడవి అంచున ఉన్న చిన్న కుంటల విషయం అలా లేదు. చాలా చోట్ల అడవికీ కుంటకీ మధ్య పత్తి చెలకే ఉంది. మన కప్పల పిల్లలు పెరగాలంటే నీళ్లు కావాల్సిందే కాబట్టి, ఆ ఎడం ఎంత పెరిగితే అంత దెబ్బ.

మరి మన అడవులకు సూచిక గుంపు ఏది? బ్రెజిల్‌లోలా 'ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేని జాతులు' అని గీత గీస్తే మన చేతిలో దాదాపు ఏమీ మిగలదు. ఇది పశ్చిమ కనుమల్లా గుట్టగుట్టకూ ఓ కొత్త కప్ప ఉండే నేల కాదు. ఆకు రాల్చే టేకు అడవి. ఇక్కడి కప్పల్లో ఎక్కువ భాగం దేశంలో చాలాచోట్ల ఉండేవే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ఆందోళన అక్కర్లేని వర్గంలో ఉన్నవే. ఆ జాబితా ఒక జాతి మొత్తంగా అంతరించే ప్రమాదం ఎంతో చెబుతుంది. గోవిందరావుపేట పక్కన కుంటలో అదే జాతి ఈ ఏడు పిల్లల్ని పెట్టిందా లేదా అన్నది చెప్పదు, మీ ప్రణాళికకు కావలసింది మాత్రం అదే. అందుకే ముప్పు వర్గాన్ని పక్కన పెట్టి, బతుకు తీరును కొలమానంగా తీసుకోమంటున్నాను.

మొదటగా నేలలో పూడుకుని ఉండేవి. యూపెరోడాన్ సిస్టోమా అనే గుండ్రటి కప్ప ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టి కిందే ఉంటుంది, చీమల్నీ చెదల్నీ తింటుంది, గట్టి వాన పడ్డ రాత్రి బయటికొచ్చి వాననీటి గుంతల్లో గుడ్లు పెట్టి మళ్లీ మట్టిలోకి పోతుంది. స్ఫేరోథీకా కప్పలదీ ఇలాంటి బతుకే, వాటి వెనక పాదాలకు మట్టి తోడే గట్టి అంచు ఉంటుంది. ఇవి ఉన్నాయంటే తవ్వగలిగే నేలా, కొన్నాళ్లు నిలిచి ఎండిపోయే నీరూ పక్కపక్కనే ఉన్నట్టు. రెండోవి చెట్టు తొర్రల్లో దాగేవి. వీటి కోసం ముసలి చెట్లు నిలిచి ఉండాలి, ప్లాంటేషన్‌లో ఒకే వయసు చెట్లతో పని కాదు. మూడోవి నురుగు గూడు కట్టే చెట్టు కప్పలు, పాలిపెడేట్స్ మాక్యులేటస్.

ఈ మూడోదాన్ని లక్నవరం దారిలోని ఒక చిన్న కుంటలో బాగా దగ్గర్నుంచి చూశాను. కట్ట అంచున లొట్టపీసు కొమ్మలు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి. వాన వెలిసిన రాత్రి ఆడకప్ప ఒక కొమ్మను పట్టుకుని, మగది వీపున ఉండగా, తన ఒంట్లోంచి వచ్చిన జిగురును వెనక కాళ్లతో చిలుకుతూనే ఉంది. చూస్తుండగానే పిడికెడంత తెల్లటి నురుగు తయారైంది. గుడ్లు అందులోనే. తెల్లారి ఎండకు పైపొర గట్టిపడింది, లోపల తడి అలాగే ఉంది. కొన్ని రోజులకు నురుగు కింది భాగం మెత్తబడి తోకకప్పలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారాయి. మరుసటి ఏడు ఆ కట్టను శుభ్రం చేసి తుమ్మ, లొట్టపీసు అంతా కొట్టేశారు. ఆ వానాకాలం అక్కడ ఒక్క నురుగు గూడూ కనిపించలేదు. నీళ్ల మీద గెంతే కప్పలు, బోదురు కప్పలు మాత్రం ఎప్పటిలాగే గోల పెడుతూనే ఉన్నాయి.

బోదురు కప్పనూ, నీటి మీద గెంతే కప్పనూ సూచికలుగా పెట్టొద్దని అనడానికి కారణం ఇదే. అవి హనుమకొండ మోరీల్లోనూ ఉంటాయి, భద్రకాళి చెరువులోనూ ఉంటాయి, తాడ్వాయి లోపలి మడుగులోనూ ఉంటాయి. వాటిని బట్టి గళ్లు ఎంచుకుంటే ఏ గడి అయినా ఒకటే. వాటి అరుపు విని 'ఇక్కడ కప్పలు బాగానే ఉన్నాయి' అని రిజిస్టరులో రాస్తే, ఆ కుంటలో జరిగిన నష్టం ఎక్కడా నమోదు కాదు.

పై మూడు రకాలే సరైన గుంపని నేను తేల్చి చెప్పడం లేదు. పరీక్షకు పెట్టమంటున్నాను. సగం గళ్ల సమాచారంతో గుంపును కూర్చి, మిగతా సగంలో అది ఎంతవరకు పట్టిస్తుందో చూడాలి. బ్రెజిల్‌లో తేలినది కాబట్టి ఇక్కడా సరిపోతుందని తెచ్చి అతికిస్తే మాత్రం మోసపోతాం.

ఒక విషయంలో మీతో గట్టిగా వాదించాలనుంది. వేసవిలో ఎండిపోయే కుంట పనికిరాని కుంట అనీ, లోతు చేసి ఏడాదంతా నీళ్లు నిలబెడితే వన్యప్రాణులకు మేలనీ ఒక ఆలోచన బలంగా ఉంది. దాహానికొచ్చే జంతువులకు అలాంటి నీళ్లు కొన్ని చోట్ల కావాలి, కాదనను. అన్ని కుంటల్నీ అలా మార్చకండి. ఏటా ఎండే కుంటలో చేప ఉండదు. చేప లేదు కాబట్టే గుడ్లు, తోకకప్పలు మిగులుతాయి. నీళ్లు ఏడాదంతా నిలిస్తే చేప చేరుతుంది, త్వరత్వరగా పెరిగి బయటపడే కప్పలకు ఆ కుంట ఇక పనికిరాదు. లోతు తవ్విన చోట ఒడ్డు నిటారుగా మారితే, అప్పుడే కాళ్లొచ్చిన పిల్లకప్పలు ఎక్కడానికి వాలు కూడా ఉండదు. చెరువుల్లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది, ముదిరాజ్, బెస్త కుటుంబాలకు అది కూడు. పెద్ద చెరువుల్లో దాన్ని ఆపమని ఎవరూ అడగకూడదు. అభయారణ్యాల లోపలా, అంచునా ఉన్న, ఎండిపోయే చిన్న కుంటల్ని మాత్రం చేపలకూ పొక్లెయిన్‌కూ దూరంగా ఉంచండి.

రోడ్డు గురించి రెండు మాటలు. 163వ జాతీయ రహదారి పసర, తాడ్వాయి మీదుగా అడవిని చీల్చుకుంటూ పోతుంది. తొలకరి రాత్రి ఆ రోడ్డు మీద ఎన్ని కప్పలు నలిగిపోతాయో ఆ దారిన వెళ్లే ప్రతి డ్రైవరుకూ తెలుసు. సూచిక గుంపు పటం తయారైతే, ఏ కల్వర్టు దగ్గర అవి ఎక్కువగా దాటుతున్నాయో కూడా అందులోనే తేలుతుంది.

ఇక మనుషుల సంగతి. 2025లో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు కోసం తెచ్చిన జీవో 49ని ఆదివాసీల నిరసన తర్వాత ప్రభుత్వం పక్కన పెట్టాల్సి వచ్చింది. తమను అడగకుండా గీసిన గీత అంటే వాళ్లకు భయం ఉండటం సహజం, ఆ భయానికి చరిత్ర ఉంది. కప్పల ప్రణాళికకు ఎవరినీ కదిలించే పని లేదు. కావలసినవి చిన్న చిన్న చోట్లు, కొన్ని నెలల జాగ్రత్త. ఏ ఒర్రెలో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో, ఏ కుంట మొదట ఎండుతుందో కోయ గూడేల్లోని పెద్దలకు తెలిసినట్టు మన రికార్డులకు తెలియదు. సర్వేలో వాళ్ల యువకుల్ని దారి చూపేవాళ్లుగా కాక సర్వే చేసేవాళ్లుగా, సరైన కూలి ఇచ్చి, పేరు రాసి పెట్టుకోండి. వానలు పడకపోతే కప్పను రోకలికి కట్టి వేపాకులతో ఇల్లిల్లూ తిరిగి కప్పతల్లి ఆడిన ఊళ్లు మనవి. కప్ప గురించి మాట్లాడటానికొస్తే ఈ ఊళ్లలో తలుపు వేసేవాళ్లుండరు.

అడవి హద్దు బయట మీకు అధికారం లేదంటారేమో. అక్కడ జీవవైవిధ్య మండలి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరం అంచున ఒక చెరువుకు దొరికిన ఆ గుర్తింపు పాఖాల అంచునున్న కుంటల వరుసకు ఎందుకు దొరకకూడదు? ఊరి జీవవైవిధ్య కమిటీలు రాసే ప్రజా రిజిస్టర్లలో చేపకూ, మందు మొక్కకూ గడి ఉన్నట్టే ఎండే కుంటకూ, అందులో పుట్టే కప్పకూ గడి ఉండాలి.

దీనికి కొత్త సంస్థ ఏదీ అక్కర్లేదు. పులుల లెక్కకు నడిచే బీట్లే గళ్లుగా సరిపోతాయి. రాత్రి కప్పల అరుపుల్ని రికార్డు చేసే చిన్న పరికరాలు కెమెరా ట్రాప్‌ల కంటే కష్టమైనవేమీ కావు. ఏ అరుపు ఏ జాతిదో తేల్చడానికి, ఒకటే అనుకున్నవి నిజంగా ఒకటేనా అని డీఎన్‌ఏతో చూడటానికి హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వారి, అంతరించే జాతుల మీద పనిచేసే ప్రయోగశాల లాకోన్స్ ఉంది, జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. ఒక జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచే పాటించాలి: ఒక కుంట నుంచి మరో కుంటకు పోయేటప్పుడు బూట్లు, వలలు మందు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. లోకమంతటా కప్పల్ని చంపిన కైట్రిడ్ బూజును సర్వే బృందమే మోసుకుపోకూడదు.

తొలకరి జూన్‌లో వస్తుంది. నేలలో పూడుకున్న కప్పలు బయటికొచ్చేది ఆ మొదటి గట్టి వానలకే, ఆ కొద్ది రాత్రులు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. కాబట్టి రేంజ్ ఆఫీసర్లకు ఆదేశాలు మే నెలలోపే వెళ్లాలి. పసర, తాడ్వాయి రేంజ్‌లతో మొదలుపెట్టండి. గాలివానకు చెట్లు పడిన భాగాన్నీ, దాని పక్కనే నిలిచి ఉన్న అడవినీ రెండిటినీ అందులో చేర్చండి. రెండు వానాకాలాల సమాచారం చేతికొచ్చాక గుంపును పరీక్షించి, ఆ ఫలితాన్ని, గళ్ల పటాన్ని ఊళ్లవాళ్లు చదవగలిగేలా తెలుగులో బయటపెట్టండి. రాత్రిపూట అడవిలో ఉండటానికి అనుమతి ఇస్తే నేనూ నా విద్యార్థులూ బీటు సిబ్బందితో కలిసి పనిచేస్తాం. దరఖాస్తు ఏ కార్యాలయంలో ఇవ్వాలో తెలియజేయండి.

భవదీయుడు,
జంతుశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ